గొడ్డలితో నేర్చిన అంకెలు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు. నేను రెండూ చేశాను. రెండుసార్లూ నాకు పిచ్చెక్కినంత పనైంది. కానీ కట్టిన ఇంటిని దూలం దూలంగా విప్పి, గట్టెక్కించి, మళ్ళీ అచ్చం అలాగే నిలబెట్టడం అనేది ఒకటుంది చూశారూ, దాని ముందు ఈ రెండూ పిల్లలాట. ఆ పని మా పక్కింటి సవేత చేసింది. నేను కళ్ళారా చూశాను. చూస్తూ నోరు మూసుకుని కూర్చున్నానా అంటే, లేదు. నోరు మూసుకోవడం నాకు పుట్టుకతో రాలేదు. మా ఆయన బతికున్నన్నాళ్ళూ ఆయన ఏడుపు అదే.

ఆ వసంతంలో మంచు కరిగి ఈజా ఏరు పొంగింది. పొంగు తగ్గింది గానీ గట్టుని కొరకడం మానలేదు. సవేత వాళ్ళ పెరట్లో ప్లమ్ చెట్లు ఒక్కొక్కటే ఏట్లోకి ఒరిగిపోయాయి. గడ్డి కోతల నాటికి పందుల దొడ్డి పోయింది. ఇంక మిగిలింది ఇల్లే. మా వైపు ఇంటి గోడలంటే ఒకదాని మీద ఒకటి వరసలుగా పేర్చి, మూలల్లో గాడి కొట్టి బిగించిన దూలాలు. చూరు కింద నిలబడితే కింద నీళ్ళ చప్పుడు వినిపించేది.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. సవేత, దాని పదేళ్ళ కూతురు దొమ్నిక, మామగారు గ్రిగొరె. సవేత మొగుడు అడవిలో చెట్టు కూలి మీద పడి పోయాడు. గ్రిగొరె మావ పేరు తెలియని వాళ్ళు మా లోయలో లేరు. వడ్రంగుల్లో పెద్ద మేస్త్రి. ఆయన గొడ్డలి పడని గుడి లేదు, ఆయన చెయ్యి పడని ద్వారం లేదు. ఇప్పుడు కళ్ళకి పొర కమ్మి, వెలుగేదో చీకటేదో తప్ప ఏమీ ఆనదు. నోరు మాత్రం దివ్యంగా ఉంది.

ఒక ఆదివారం సవేత తమ్ముడు సిమియోన్ గుర్రబ్బండి వేసుకుని వచ్చాడు. వాళ్ళ వసారాలో కూర్చుని నేను చిక్కుడుకాయలు వలుస్తున్నాను. నా వసారా ఉండగా అక్కడెందుకంటారా? అక్కడ కబుర్లుంటాయి గనక.

"అక్కా, ఇది ఇంక ఇల్లు కాదు. ఏరు అడుగుతోంది, ఇచ్చెయ్" అన్నాడు సిమియోన్. "నువ్వూ పిల్లా మా ఇంటికి వచ్చెయ్యండి. మా ఆవిడ ఒక్కతీ ఆవుల పని చేసుకోలేకపోతోంది."

"మరి మావయ్య?"

వాడు గొంతు తగ్గించాడు. "ఆయన్ని ఎక్కడ పెట్టనే? ఇంట్లో నిలబడ్డానికి చోటు లేదు. ఆయనకి కొండవతల చెల్లెలుంది కదా."

"ఆవిడే మంచం మీంచి లేవదురా."

"అయితే ఫాదరు గారితో మాట్లాడదాం. ఏదో దారి చూపిస్తారు."

"ఒరే సిమియోన్, నాకు కళ్ళు పోయాయి గానీ చెవులు పోలేదు" అన్నాడు గ్రిగొరె మావ గుమ్మంలోంచి. "దారి నేనే చూసుకుంటాలే. ఏరు పక్కనే ఉందిగా."

సవేతకి ముఖం ఎర్రబడింది. "ఆ మాట ఇంకోసారి అన్నారంటే ఊరుకోను" అని మామగారి మీద కసిరింది. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "దారికి అవతల, పైవైపు మా పచ్చిక ఉంది. ఇల్లు విప్పి అక్కడికి చేరుస్తాం. ముగ్గురం అందులోనే ఉంటాం."

సిమియోన్ నవ్వలేదు, పాపం. చెడ్డవాడు కాదు. "సరే. సెయింట్ దుమీత్రు పండగ దాకా చూస్తాను. గొర్రెలు కొండ దిగేనాటికి గోడలు లేస్తే సరే సరి. లేకపోతే బండి తెస్తాను, మారు మాట్లాడకుండా ఎక్కాలి. మంచులో మిమ్మల్ని వదిలెయ్యమంటావా?"

న్యాయమే చెప్పాడు. సవేత తల ఊపింది. వాడు వెళ్ళాక నేను ఊరుకోవచ్చుగా! "విప్పేది ఎవరే? మేస్త్రులందరూ కొండవతల మఠం కట్టడానికి పోయారు, మంచు పడితే గానీ రారు" అన్నాను.

"విప్పడం గాడిద కూడా చేస్తుంది" అన్నాడు గ్రిగొరె మావ. "అంకెలు వేసేవాడు కావాలి. అంకె వెయ్యకుండా విప్పితే అది ఇల్లు కాదు, పొయ్యిలో కట్టెలు."

"బొగ్గుతో రాస్తాను" అంది సవేత.

"వాన కడిగేస్తుంది."

"రంగుతో రాస్తాను."

"నా వేలికి తెలియదు. గొడ్డలితో చెక్కాలి. లోతుగా, బొటనవేలు పెడితే పలికేలా. అది నీ వల్ల కాదు."

"నేర్పించండి."

ఇక్కడ నేను పకపకా నవ్వాను. మా లోయలో ఆడవాళ్ళు వడ్రంగి గొడ్డలిని దాటి కూడా నడవరు. ముట్టుకోవడం మాటలా! చేతకానమ్మకు చేష్టలెక్కువ అని కూడా అన్నాననుకుంటాను. సవేత నా వైపు ఒక చూపు చూసింది. లోపలికి వెళ్ళి మామగారి చిన్న గొడ్డలి తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది.

ఆయన చాలాసేపు దాని పిడి నిమురుతూ కూర్చున్నాడు. "ఒక కట్టె తీసుకురా" అన్నాడు చివరికి.

అలా మొదలైంది చదువు. ఆమె ఒక గాటు పెట్టేది, ఆయన బొటనవేలితో తడిమేవాడు. ఒక గాటు ఒకటి. రెండు గాట్లు రెండు. రెండు గాట్లు ఒక కొసన కలిస్తే ఐదు. ఒకదాని మీద ఒకటి పడితే పది. వినడానికి ఎంత తేలికో! గొడ్డలి చేతిలో ఉంటే తెలుస్తుంది.

"ఇదేమిటి?" అని అడిగేవాడు.

"ఐదు."

"ఐదా? నేను కాకి కాలు అనుకున్నాను. మళ్ళీ."

మళ్ళీ చెక్కేది. "ఇది?"

"పది."

"ఇది పది కాదు, తాగుబోతులు ఇద్దరు గుద్దుకున్నట్టుంది. మళ్ళీ."

మూడు దాకా బాగానే వచ్చింది. నాలుగు చెక్కమంటే సవేత తెలివి చూపించింది. ముందొక గాటు పెట్టి, పక్కన ఐదు చెక్కింది. IV అని, అచ్చం బళ్ళో లాగా. ముసలాయన వేలు పెట్టి ఆగిపోయాడు.

"ఎక్కడ నేర్చావు?"

"బళ్ళోనండి. నాలుగో క్లాసు తలుపు మీద ఇలాగే ఉండేది."

"ఆ తలుపు దొర్లేదా?"

"తలుపు దొర్లడమేంటి మావయ్యా!"

"దూలాలు దొర్లుతాయమ్మా." కట్టెని తలకిందులుగా తిప్పి ఆమె చేతిలో పెట్టాడు. "ఇప్పుడు చదువు."

సవేత చూసింది. ఐదు బోర్లా పడి ముందుకొచ్చింది, గాటు వెనక్కి పోయింది. "ఆరు" అంది మెల్లగా.

"అదీ సంగతి. నాలుగో దూలం వెళ్ళి ఆరో వరసలో కూర్చుంటుంది. మా పనిలో తీసివేతలు లేవు. అన్నీ కూడికలే. నాలుగంటే నాలుగు గాట్లు, తొమ్మిదంటే ఐదూ నాలుగు గాట్లూ. ముందు నుంచి తడిమినా వెనక నుంచి తడిమినా కూడుకుంటూ పో. దూలం ఎటు దొర్లినా తొమ్మిది తొమ్మిదే."

"అదృష్టవంతులు. మా బతుకుల్లో అన్నీ తీసివేతలే" అన్నాను నేను.

"నీ నోట్లోంచి కొన్ని మాటలు తీసివేస్తే లోయంతా బాగుపడుతుంది పలాగా" అన్నాడు ముసలాయన, నా పేరు పెట్టి మరీ. సవేత నవ్వింది. ఏరు పందుల దొడ్డిని మింగాక అది నవ్వడం నేను చూడ్డం అదే మొదలు.

ఆ వేసవంతా ఆ ఇంట్లో అంకె లేని కట్టె లేదు. మా పొయ్యికి కట్టెలు బదులు తెచ్చుకుంటే వాటి మీదా అంకెలే. పదమూడు మీద సంకటి వండాను, పదిహేడు మీద పాలు కాచాను. సవేత అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. బాతు కొవ్వు తీసుకెళ్ళి నేనే రాశాను. "ఎందుకే ఈ పంతం? మీ తమ్ముడింట్లో వెచ్చగా ఉండొచ్చుగా?" అని అడిగాను.

"వెచ్చగానే ఉంటుంది పిన్నీ. పొద్దున లేచి ఇంకొకరి ఆవులు, సాయంత్రం ఇంకొకరి పొయ్యి. దొమ్నికని రేపు పెళ్ళికి ఎవరో అడుగుతారు, వాళ్ళు ఇచ్చేస్తారు. మావయ్య ఎక్కడో పరాయి పంచన చచ్చిపోతాడు, నాకు కబురు కూడా రాదు." కాస్త ఆగి, "మా ఆయన పోయినప్పుడు ఈయన ఏడవలేదు. రాత్రంతా నా పక్కన కూర్చుని పొయ్యిలో కట్టెలు వేస్తూ ఉన్నాడు. అలాంటి మనిషిని వదిలేసి నేను బండి ఎలా ఎక్కను?" అంది.

నేను ఇంకాస్త కొవ్వు తీసి దాని రెండో అరచేతికి రాశాను.

అంకెలు పట్టుబడ్డాక మామా కోడళ్ళకి ఇంకో తగవు వచ్చింది. గోడలు నాలుగు. ఏ దూలం ఏ గోడదో ఎలా తెలియాలి? దీనికి మా మేస్త్రులకి తాతల నాటి పద్ధతి ఉంది. ప్రతి గోడకీ అది చూసే వైపుని బట్టి పేరు పెడతారు. సవేత ఇంటికి గుమ్మం ఉన్నది దారి గోడ, దాని వెనకది ఏటి గోడ, గుడి వైపుది గుడి గోడ, మిల్లు వైపుది మిల్లు గోడ. దూలం పక్కన వరస అంకె చెక్కి, పేరుకి ఒక గుర్తు పెడితే సరిపోతుంది. గుడికి సిలువ, ఏటికి అల, అలా.

"నేను గోడలకి కూడా అంకెలు వేస్తాను" అంది సవేత. "గుమ్మం గోడ ఒకటి. గుమ్మంలోంచి బయటికి వచ్చి ఇంటి చుట్టూ కుడి చేతి వైపు నడుస్తూ రెండు, మూడు, నాలుగు. వరస అంకె దూలం పక్కన, గోడ అంకె దూలం తల మీద."

"పేరున్న గోడకి అంకెందుకు? నిన్ను సవేతా అని పిలవాలా, రెండూ అని పిలవాలా?"

"పిలవండి, పలుకుతాను."

"గొడ్డలి నీ చేతిలో ఉంది కదా, ఏమైనా అంటావు. నీ ఇష్టం. గుర్తులు మాత్రం మానకు." ఆయన గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. సవేత రెండూ చెక్కింది.

మొక్కజొన్న కండెలు విరిచే రోజుల్లో ఇల్లు విప్పారు. నికోర అని మా ఊళ్ళో ఎద్దులున్నవాడు, నాలుగిళ్ళ పనీ తన భుజాన వేసుకునే మనిషి, దూలాలు పైకి తోలాడు. ప్రతి దూలాన్నీ బండి ఎక్కే ముందు గ్రిగొరె మావ తడిమి చూశాడు. "ఇది లోతు చాలదు, మళ్ళీ చెక్కు. ఇది బాగుంది. ఇది... ఇది నేను చెక్కినట్టుంది." అన్నాక ఆయనకే సిగ్గేసినట్టుంది, తుమ్మినట్టు నటించాడు.

ఆ తర్వాత వాళ్ళు మా కొట్టంలో పడుకున్నారు. ఇల్లు ఉన్నచోట రాళ్ళ పునాది మాత్రం మిగిలింది. వారం తిరక్కుండా ఏరు దాన్నీ లాక్కుపోయింది.

ఇల్లు లేపాలంటే మా దగ్గర క్లాక పెడతారు. ఊరు ఊరంతా ఒకరోజు వస్తుంది. కూలి ఉండదు. తిండి, హొరింక సారా, ఫిడేలు, అంతే. కానీ ఒక్కరోజే. ఒక ఇంటికి రెండోసారి క్లాక పిలవడం నా ఎరుకలో లేదు. పిలిస్తే ఎవరూ రారు కూడా. శీతాకాలం ముంగిట అందరికీ ఎవరి పనులు వాళ్ళకుంటాయి. సవేత క్లాక పండగకి ముందు శనివారం కుదిరింది.

పొద్దున్నే మగవాళ్ళు వచ్చారు. సిమియోన్ కూడా వచ్చాడు, బండి వేసుకుని. పండగ ఇంకా రానేలేదు, వాడి నమ్మకం ఎంతో చూడండి. ఆడవాళ్ళం పచ్చిక చివర కాగులు పెట్టాం. క్లాకలో ఇంటి ఇల్లాలి చోటు కాగు దగ్గర. అది కదలకూడదు, కదిలితే ఇంటికి తిండి తక్కువవుతుందని మా వాళ్ళ నమ్మకం. అందుకని అంకెలన్నీ చెక్కిన మనిషి క్యాబేజీ చుట్టలు కలుపుతూ నిలబడింది. గ్రిగొరె మావ గోడల దగ్గర బల్ల మీద కూర్చుని కేకలేస్తున్నాడు. ఎన్నాళ్ళకి దొరికింది ఆ సుఖం! ముఖం వెలిగిపోతోంది.

"దారి గోడ దారి వైపు! ఏటి గోడ దానికెదురు! గుడి గోడ గుడి వైపు, మిల్లు గోడ మిల్లు వైపు! ఒకటో వరస ముందు, ఆ తర్వాత రెండు!"

మగవాళ్ళకి దూలాల తలలు చూడాల్సిన అవసరమేముంది? సిలువ గుర్తున్నది గుడి వైపు మోశారు, అల గుర్తున్నది వెనక్కి మోశారు. అడుగు వరస పడింది. మూలలు సరిగ్గా కూర్చోలేదు. అడుగు వరస ఎప్పుడూ మొండికేస్తుందిలే అని సుత్తులతో దిగేశారు. రెండో వరస పడింది. మూలల్లో చెయ్యి పట్టేంత సందు. మూడో వరస దూలం ఎత్తి పెడితే అసలు గాడిలోకే దిగలేదు.

ఫిడేలు ఆగింది.

"ఆడది చెక్కిన అంకెలు కదా" అన్నాడు ఎవరో. ఎవరో ఏమిటి, అన్నది మిల్లు వాడి బావమరిది. వాడికి నేను ఆ రోజు సంకటి అడుగంటినది వడ్డించాను.

నికోర మూల ఎక్కి చూశాడు. "మావా, పెద్ద ఇబ్బందేం లేదు. గాడి ఇటువైపు కొంచెం చెక్కేస్తే దిగుతుంది. పొద్దు పోతోంది, కానిచ్చేస్తాను" అని గొడ్డలి ఎత్తాడు.

నా పక్కన సవేత గరిటె పట్టుకుని కట్టెలా బిగుసుకుపోయింది. "చెక్కితే అయిపోయింది పిన్నీ" అంది. "ఒక్క గాడి పాడైతే పైదాకా అన్నీ పాడే. ఇంక అది ఎప్పటికీ కూర్చోదు."

"మరి వెళ్ళవేమే?"

"కాగు..."

"కాగు దుంపతెగ! ఆ గరిటె ఇటివ్వు. చేతులు కట్టేసుకుని నిలబడతావా? పరిగెత్తు!"

పరిగెత్తింది. లంగా మోకాళ్ళ దాకా ఎత్తిపట్టి మరీ పరిగెత్తింది. నికోర గొడ్డలి దిగేలోపు వెళ్ళి ఆ దూలం మీద కూర్చుని గాడిని అరచేత్తో కప్పేసింది.

"లే అమ్మా, వేలు పోతుంది" అన్నాడు నికోర.

"పోనీ. అంకె తప్పయితే వేలే పోనీ. చెక్కేది అంకె తప్పని తేలాకే."

"అంకె తప్పు కాకపోతే దిగదెందుకు?"

"చూడనివ్వు."

ఆమె కిందికి దిగి మూల దగ్గర దూలాల తలలు చూసింది. తర్వాత ఇంకో మూలకి వెళ్ళింది. మళ్ళీ మొదటి మూలకి వచ్చింది. సిమియోన్ తన బండి పక్కన నిలబడి గుర్రం మెడ నిమురుతున్నాడు.

"అంకెలు సరిగ్గానే ఉన్నాయి" అంది సవేత. "గోడలే తప్పు. ఒకటో గోడకి కుడి చేతి పక్క రెండు రావాలి. ఇక్కడ నాలుగు వచ్చింది."

"గోడలు తప్పేంటి? గుడి గోడ గుడి వైపుంది, మిల్లు గోడ మిల్లు వైపుంది, దారి గోడ దారి వైపుంది. చంటిపిల్లాడికి కూడా కనిపిస్తోంది!" అన్నాడు మిల్లు వాడి బావమరిది.

అందరూ గ్రిగొరె మావ వైపు చూశారు. ఆయన బల్ల మీంచి లేచాడు.

"సవేతా, నన్ను ఆ మూల దగ్గరికి తీసుకెళ్ళు."

ఆమె చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. ఆయన ఒక దూలం తల మీద బొటనవేలు పెట్టాడు. "ఒకటి" అన్నాడు. పక్క గోడ దూలం తల తడిమాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు గాట్లు. మళ్ళీ తడిమాడు. అరవై ఏళ్ళుగా ఈ లోయకి ఇళ్ళు కట్టిన మనిషి, ఊరంతా చూస్తుండగా, ఆయనకి మాత్రం ఎవరూ కనబడకుండా అలా నిలబడ్డాడు. నాకు ఆయన మీద జాలేసింది, ఆ మాట ఆయనకి తెలిస్తే నన్ను చంపేసేవాడు.

"ఒరేయ్" అన్నాడు, "పాత ఇల్లు దారికీ ఏటికీ మధ్య ఉండేది. గుమ్మంలో నిలబడి దారి వైపు చూస్తే గుడి ఏ చేతి పక్క ఉండేది?"

"కుడి చేతి పక్క" అన్నాడు నికోర.

"ఇప్పుడు ఇల్లు దారి దాటి పైకొచ్చింది. గుమ్మంలో నిలబడు. దారి వైపు చూడు. గుడి ఏ చేతి పక్క ఉంది?"

నికోర గుమ్మం చోటులో నిలబడ్డాడు. చేతులు చూసుకున్నాడు. "ఎడమ" అన్నాడు, తనే నమ్మలేనట్టు.

"అదీ. గోడలన్నీ వాటి పేరున్న వైపే ఉన్నాయి, ఇల్లు మాత్రం చొక్కా తిరగేసి తొడుక్కున్నట్టుంది. తప్పు అంకెలది కాదు. పేర్లు పెట్టి అరిచింది నేను. ఇల్లు దారి దాటిందన్న ఊహే నాకు రాలేదు."

నికోర అడిగాడు, "మరి ఇప్పుడేం చేద్దాం మావా?"

"నన్నెందుకు అడుగుతావురా?" అని కసిరాడు గ్రిగొరె మావ. "మేస్త్రి నీ పక్కనే ఉంది. ఆవిణ్ణి అడుగు."

మా లోయలో ఒక ఆడదాన్ని మేస్త్రి అనడం నేను వినడం అదే. మగవాళ్ళు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. సవేతకి కళ్ళు నిండాయి గానీ తుడుచుకోవడానికి తీరిక లేదు.

"వేసిన వరసలన్నీ విప్పండి" అంది. "దారి గోడా ఏటి గోడా ఎక్కడివి అక్కడే. గుడి గోడ మిల్లు వైపుకి, మిల్లు గోడ గుడి వైపుకి మార్చండి."

"అయ్యో, తూర్పునుండే గుడి గోడకి దేవుడి పటాలు పెట్టుకుంటాం కదమ్మా! దాన్ని పడమటికి తిప్పుతావా? అపచారం!" అన్నాడు ఒక ముసలాయన.

"పటాలు మేకుకి వేలాడతాయి తాతా, దూలానికి కాదు. తూర్పు గోడకి ఇంకో మేకు కొట్టుకుంటాను."

"దేవుడు ఒక గోడ మీంచి ఇంకో గోడ మీదికి దూకలేడా ఏంటి?" అని నేను కాగు దగ్గర్నుంచి అరిచాను. జనం నవ్వారు. నవ్వితే సగం పని అయినట్టే. నికోర గొడ్డలి పక్కన పడేసి దూలం కింద భుజం పెట్టాడు.

విప్పారు, మార్చారు, మళ్ళీ ఎత్తారు. ఈసారి సవేత నడుమ నిలబడి పిలుస్తోంది: "రెండో గోడ, నాలుగో వరస! మూడో గోడ, నాలుగో వరస!" దూలం దిగిన ప్రతిసారీ మూలలో ధభీమని ఒక చప్పుడు, ఆ చప్పుడుకి గ్రిగొరె మావ తల ఊపుతున్నాడు. సందు లేదు, సుత్తి అక్కర్లేదు. ఏటి గోడ అనడం మగవాళ్ళు ఎప్పుడో మర్చిపోయారు. ఒకటీ రెండూ మూడూ అనే అరుస్తున్నారు. ఫిడేలు వాడు కూడా లేచి దూలం పట్టాడు.

సిమియోన్ కాసేపు చూశాడు, చూశాడు, కోటు విప్పి బండి మీద పడేసి వచ్చాడు. ఒక దూలం ముందు నిలబడి బుర్ర గోక్కున్నాడు. "అక్కా, ఇదెంత? ఐదు ఉంది, పక్కన నాలుగు గాట్లున్నాయి."

"కూడు" అంది సవేత.

"తొమ్మిదా?"

"బళ్ళోకి పంపితే ఏట్లో చేపలు పట్టావు. ఇప్పుడు నేర్చుకో. తొమ్మిదే. ఎత్తు."

పొద్దు వాలేసరికి నాలుగు గోడలూ నిలబడ్డాయి. పైకప్పు లేదు. వాసాలు వచ్చే వారం వేసుకుంటాం అనుకున్నారు, దానికి నలుగురు చాలు. జనం తిన్నారు, తాగారు. సిమియోన్ నా పక్కన చతికిలబడి సంకటి గిన్నె ఖాళీ చేశాడు. "పిన్నీ, బండి ఖాళీగా తోలుకెళ్తే మా ఆవిడ ఏమంటుందో" అన్నాడు.

"ఖాళీగా ఎందుకురా? మా కొట్టంలో మీ అక్క సామాను ఉంది. పైకి తోలు."

వెళ్ళి బండి నిండా వేసుకొచ్చాడు. పెట్టె, గిన్నెలు, పటాలు, పిల్ల పరుపు. అన్నిటి మీదా గ్రిగొరె మావ మంచం. తన ఇంట్లో చోటు లేదన్నాడే, ఆ మనిషి మంచం. దాన్ని నెత్తిన పెట్టుకుని గుమ్మంలోకి వచ్చి ఆగాడు.

"అక్కా, ఇది ఎక్కడ పెట్టను?" అన్నాడు. నేల చూపులు చూస్తున్నాడు.

"పొయ్యి వచ్చే మూల. గోడకి ఆనించి."

"పైకప్పు లేదు కదే. రాత్రికి మంచు పడితే?"

"పెట్టరా. ఆయన చోటు అది."

పెట్టాడు. సవేత మామగారిని లోపలికి నడిపించుకొచ్చి మంచం అంచు చేతికి అందించింది. ఆయన కూర్చున్నాడు, బూట్లు విప్పుకున్నాడు, పడుకున్నాడు. పైన ఆకాశం ఉందని ఆయనకేం పట్టింది! మేమందరం పిలిచాం, కొట్టంలో వెచ్చగా ఉంటుంది రమ్మని. నికోర వచ్చి బతిమాలాడు. ఫాదరు గారు కూడా చెప్పి చూశారు.

"నేను మా ఇంట్లో ఉన్నాను. మీ ఇళ్ళకి మీరు పొండి" అన్నాడు గ్రిగొరె మావ కళ్ళు మూసుకుని.

సవేత దొమ్నికని పొదువుకుని మంచం పక్కన నేల మీద కూర్చుని, ఇంక ఏడిచింది. నేనూ ఏడిచాను, ఎందుకు దాచాలి? ఏడుస్తూనే మా ఇంట్లో ఉన్న మూడు గొర్రె తోళ్ళూ తెచ్చి వాళ్ళ ముగ్గురి మీదా కప్పాను.